నల్లమల చెంచులు - హైమన్‌డార్ఫ్ పరిశోధన: ఒక పునఃపరిశీలనము

పాలమూరు సీమ చరిత్రను వ్రాసినవారు సాధారణముగా సంస్థానములతో ఆరంభింతురు. గద్వాల, వనపర్తి, కొల్లాపురము మొదలగు సంస్థానముల ప్రభువులు, వారి ఆస్థానములలో సత్కారములందిన కవిపండితులు, అచ్చట వెలసిన కావ్యములు - ఇవి మన పరిశోధనకు చిరపరిచితములైన విషయములు. పండితులకు నెలవగుటచేత గద్వాలకు 'విద్వద్గద్వాల' యను పేరే కలిగినది. కాని యీ చరిత్రకు తూర్పున ఒక పొలిమేర కలదు. నాగర్‌కర్నూలు దాటి, తెలకపల్లి మీదుగా లింగాల వైపునకో, అచ్చంపేట వైపునకో సాగిపోవువారికి మైదానపు చేలు క్రమముగా తరిగి నల్లమల కొండలు కానవచ్చును. ఆ మైదానము ముగియువరకు శాసనములు, కైఫీయతులు, కావ్యములు మనకు తోడువచ్చును. కొండ యెక్కిన పిమ్మట ఆ యాధారములు పలుచబడును. అచ్చట అమరాబాదు పీఠభూమిపై పెంటలలో నివసించు చెంచుల జీవితమును గూర్చిన సమగ్ర గ్రంథమును మొదట రచించినవాడు తెలుగువాడు కాడు. ఆయన వియన్నా నగరమున జన్మించిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

ఆయన జీవితమును, కృషిని సంగ్రహముగా తెలిపి, చెంచులను గూర్చి ఆయన ప్రతిపాదించిన విషయములలో ఏవి నేటికిని నిలిచియున్నవి, ఏవి సవరింపదగియున్నవి యను ప్రశ్నను ఈ వ్యాసమున విచారింప దలచితిమి. ఈ విచారణము కేవలము ఒక పండితుని గుణదోష వివేచనము కాదు. నల్లమలలో చెంచుల నివాసమునకు సంబంధించిన ప్రశ్న నేటికిని తీరలేదు. ఆ ప్రశ్నను చర్చించువారందరును, తెలిసియో తెలియకయో, హైమన్‌డార్ఫ్ వేసిన బాటనే త్రొక్కుచున్నారు.

హైమన్‌డార్ఫ్ 1909లో జన్మించెను. వియన్నా విశ్వవిద్యాలయమున మానవశాస్త్రమును, పురావస్తుశాస్త్రమును అభ్యసించెను. ఆగ్నేయాసియా సంస్కృతులను పరిశోధించిన రాబర్ట్ ఫాన్ హైనె గెల్డర్న్ ప్రభావము ఆయనపై విశేషముగా నుండెను. అస్సాము, బర్మా సరిహద్దు జాతుల సాంఘిక వ్యవస్థను గూర్చి సిద్ధాంత వ్యాసమును సమర్పించి డాక్టరు పట్టమును పొందెను. అది గ్రంథాలయములలో కూర్చుండి వ్రాసిన వ్యాసము. పిమ్మట రాక్‌ఫెల్లర్ ఉపకారవేతనముతో లండనుకు పోయి, అచ్చట మలినోవ్‌స్కీ బోధనలను వినెను. పరిశోధకుడు ప్రజల నడుమ నివసించి వారి జీవితమును స్వయముగా గమనింపవలెనను మలినోవ్‌స్కీ పద్ధతి ఆయన మార్గమును మార్చినదని చెప్పవచ్చును. 1936-37 సంవత్సరములలో నాగాకొండలకు వచ్చి కొన్యాక్ నాగాల నడుమ నివసించెను.

1939లో ఆయన తన భార్య బెట్టీతో కూడ మరల భారతదేశమునకు వచ్చెను. అంతలో రెండవ ప్రపంచయుద్ధము ఆరంభమైనది. 1938లో ఆస్ట్రియా జర్మనీలో విలీనము చేయబడుటచేత ఆయన జర్మను పౌరుడుగా లెక్కకు వచ్చెను. బ్రిటిషు ప్రభుత్వము ఆయనను శత్రుదేశీయునిగా పరిగణించి నిర్బంధించెను. తుదకు నైజాము రాష్ట్రము దాటి పోరాదను కట్టడితో హైదరాబాదులో నుండుటకు అనుమతి లభించినది. నాగాకొండలకు పోవలెనని వచ్చిన పండితుడు ఈ విధముగా తెలుగునేలపై నిలిచిపోయెను. తెలుగు గిరిజనుల చరిత్రలో ఇంతటి మేలు కలిగించిన నిర్బంధము మరియొకటి లేదనుట అతిశయోక్తి కాదు.

నైజాము రాష్ట్రములో ఆయన మొదట ఎన్నుకొన్నది చెంచులను. 1940లో భార్యతో కూడ అమరాబాదు పీఠభూమిపై గుడారములు వేసికొని పెంట పెంటకు తిరిగెను. తరువాత గోదావరీ తీరమున పాపికొండల ప్రాంతపు కొండరెడ్లను, ఆదిలాబాదు రాజగోండులను పరిశీలించెను. ఈ కృషి ఫలితముగా హైదరాబాదు ఆదిమజాతులను గూర్చిన గ్రంథమాల మూడు సంపుటములుగా వెలువడినది. మొదటిది 1943లో ప్రకటింపబడిన 'చెంచులు'. రెండవది 1945లో వచ్చిన కొండరెడ్ల గ్రంథము. మూడవది 1948 నాటి రాజగోండుల గ్రంథము. నడుమ 1944-45లో ఈశాన్య సరిహద్దున సుబాన్‌సిరి ప్రాంతమున ప్రభుత్వోద్యోగము చేసి, 1945లో హైదరాబాదునకు తిరిగివచ్చి, నైజాము ప్రభుత్వమునకు గిరిజన, వెనుకబడిన వర్గముల సలహాదారుగాను, ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగాను పనిచేసెను. 1949లో లండనుకు పోయి అచ్చటి ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో చేరి, 1951 మొదలు 1976 వరకు ఆచార్యపదవిని నిర్వహించెను.

'చెంచులు' అను గ్రంథము చూపిన జీవితచిత్రమును మొదట సంగ్రహింతము. చెంచులు గడ్డలు త్రవ్వి, పండ్లు ఏరి, తేనె తీసి, విల్లమ్ములతో వేటాడి జీవించువారు. ఇనుపమొన గల త్రవ్వుకోల వారి ముఖ్యమైన పనిముట్టు. వారి పెంట అనగా కొన్ని కుటుంబముల గుండ్రని గుడిసెల సముదాయము. ఋతువును బట్టి కొన్ని కుటుంబములు పెంటను విడిచి అడవిలో మరియొకచోట కొంతకాలము గడపి తిరిగివచ్చును. ప్రతి సముదాయమునకును తనదని తలంచుకొను అడవి భాగము కలదు. కాని ఆ భాగమునకు కంచె లేదు. పెండ్లియైన పురుషుడు తన తండ్రి పెంటలోనైనను, భార్య పుట్టింటివారి పెంటలోనైనను ఉండవచ్చును. అడవిపై హక్కు ఈ రీతిగా బంధుత్వమును అనుసరించి ప్రవహించుచుండును. నిమ్మల, తోకల, ఉడతల, చిగుర్ల మొదలగు ఇంటిపేర్లు వివాహసంబంధములను నిర్ణయించును. కొండచరియ నుండి త్రాటిపై దిగి తేనె తీయువేళ పైన ఆ త్రాటిని బావమరిది పట్టుకొనుట మేలని చెప్పుకొందురు. చెల్లెలి పసుపుకుంకుమలు కోరువాడు త్రాటిని విడువడు గదా! గారెల మైసమ్మ వారికి వేటను ప్రసాదించు దేవత. భగవంతారు మీదనుండు దేవుడు.

ఈ వర్ణనము సవిస్తరమైనది, సానుభూతి గలది. కాని దానికి ఆధారముగా నిలిచిన సిద్ధాంతమును వేరుగా పరిశీలింపవలసియున్నది. ఆయన విద్యాభ్యాసము చేసిన కాలమున వియన్నాలో సంస్కృతీవలయ సిద్ధాంతము ప్రబలముగా నుండెను. ప్రపంచమందలి జాతులను సంస్కృతి పొరలుగా విభజించి, ఆహారమును సేకరించి బ్రతుకువారిని మిక్కిలి ప్రాచీనమైన పొరకు చెందినవారిగా ఆ సిద్ధాంతులు నిర్ణయించిరి. ఈ దృష్టి చెంచుల గ్రంథముపైనను ప్రసరించినది. చెంచులు దక్కను దేశమున వ్యవసాయమునకు పూర్వమున్న జీవితమునకు మిగిలియున్న సాక్షులని గ్రంథకర్త తలంచెను.

ఈ యభిప్రాయమును మేము యథాతథముగా అంగీకరింపజాలము. అందులకు కారణములు మూడు కలవు. మొదటిది భాష. చెంచుల మాతృభాష తెలుగే. తెలుగువారితో చిరకాల సంబంధము లేకుండ ఒక జాతి తెలుగును మాతృభాషగా పొందజాలదు. రెండవది వర్తకము. వారి బాణపు మొనకును, త్రవ్వుకోలకును ఇనుము మైదానమునుండియే పోయినది. తేనె, మైనము, బంక, చింతపండు క్రిందికి దిగినవి. ధాన్యము, ఉప్పు, బట్ట పైకెక్కినవి. తెలకపల్లి వంటి మైదాన గ్రామములకును పెంటలకును నడుమ ఈ రాకపోకలు జరుగుచునే యున్నవి. మూడవది శ్రీశైలయాత్ర. మల్లికార్జునుని దర్శింప నల్లమల దాటి పోవు యాత్రికులకు చెంచులే దారిచూపినవారు, కావలికాచినవారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో బయలుదేరి సాగించిన కాశీయాత్ర వృత్తాంతములో శ్రీశైలమార్గపు చెంచుల ప్రసక్తి కలదు. ఇక అహోబల నరసింహస్వామి చెంచులక్ష్మిని వలచి పెండ్లాడిన కథ తెలుగునాట యక్షగానములకును, జానపద గేయములకును ఎంత ప్రియమైన వస్తువో వేరుగ చెప్పనక్కరలేదు. హైమన్‌డార్ఫ్ గ్రంథము వెలువడిన 1943లోనే 'చెంచులక్ష్మి' చలనచిత్రముగా తెలుగు ప్రేక్షకుల ముందునకు వచ్చినది. లోకమునకు దూరమై మిగిలిపోయిన జాతి యని పండితుడు వ్రాయుచున్న దినములలోనే, ఆ జాతి ఆడపడుచు స్వామివారి దేవేరియై తెరపై కనబడుచుండెను! చెంచులు మన చరిత్రకు వెలుపల నున్నవారు కారు. వారు మన చరిత్రలోనే అడవివైపు నివసించినవారు.

సిద్ధాంతభాగమున ఈ సవరణ అవసరమైనను, అదే పరిశోధన నుండి హైమన్‌డార్ఫ్ తీసిన వ్యావహారిక నిర్ణయము మాత్రము దృఢముగా నిలిచియున్నదని మా యభిప్రాయము. ఆ నిర్ణయము ఇది: చెంచు బ్రతుకునకు ఆధారము అడవిలో స్వేచ్ఛగా సంచరించు హక్కు. గడ్డలు త్రవ్వుట, తేనె తీయుట, వేటాడుట, పెంటను మార్చుకొనుట - వీనిలో నొకదానిని నిషేధించినను తక్కినవి కుంటుపడును. కావున ప్రభుత్వము చెంచులను బలవంతముగా ఒకచోటికి చేర్చి రైతులను చేయుటకు తొందరపడరాదు. వర్తకుల మోసమునుండియు, అటవీశాఖ క్రింది యుద్యోగుల వేధింపులనుండియు వారిని కాపాడవలెను.

ఈ సలహాకు ఒక యెదురు నిదర్శనము కృష్ణానది కావలియొడ్డున ఆయనకు లభించినది. నాటి మద్రాసు రాష్ట్రమునకు చెందిన కర్నూలు జిల్లాలోను చెంచులు కలరు. అచ్చట వారిపై నేరస్థజాతుల చట్టము ప్రయోగింపబడినది. వారిని స్థిరనివాసములలో చేర్చి, ప్రత్యేకాధికారుల పర్యవేక్షణలో నుంచిరి. ఒకే జాతి, ఒకే కొండలు, ఒకే భాష. ఏటికి ఇరువైపుల రెండు పాలనములు. ఒక యొడ్డున అడవియే వారికి దిక్కు. మరియొక యొడ్డున ఆ జాతి పేరే నేరమునకు పర్యాయమైనది. పరిశోధకునికి ఇంతకంటె స్పష్టమైన తారతమ్యము దొరకదు. హైమన్‌డార్ఫ్ సిఫారసులను అనుసరించి నైజాము ప్రభుత్వము 1940వ దశకమున అమరాబాదు పై పీఠభూమిలో కొంత యడవిని చెంచులకు ప్రత్యేకించినది.

ఇచ్చట ఒక న్యాయమైన ఆక్షేపణ రావచ్చును. ప్రజల మేలును ప్రజలకంటె సలహాదారే యెక్కువ యెరుగుననుకొను పాలన యిది గదా యని ఎవరైన అడుగవచ్చును. ఆక్షేపణలో సత్యము కొంత కలదు. ఆదిలాబాదు చరిత్రను చూచిన ఇది స్పష్టమగును. 1940లో జోడెఘాట్ కొండలలో కుమ్రం భీము నాయకత్వమున గోండులు భూమికొరకు తిరుగబడిరి. భీము పోలీసుల తుపాకులకు బలియయ్యెను. ఆ పిమ్మటనే ప్రభుత్వము గోండుల దుస్థితికి కారణములను తెలిసికొన హైమన్‌డార్ఫును నియోగించినది. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రము నెలకొల్పబడినది. గోండి భాషలో వాచకములు తయారైనవి. వేలాది గిరిజనులకు భూమి పట్టాలు లభించినవి. 1356 ఫసలీలో గిరిజన ప్రాంతముల రెగ్యులేషను వచ్చినది. ఈ సంస్కరణముల రూపకల్పనలో హైమన్‌డార్ఫ్ పాత్ర గొప్పది. కాని పాలకుల చెవులు తెరిపించినది భీము ప్రాణత్యాగమని మరువరాదు. తిరుగుబాటు అడిగిన ప్రశ్నను నివేదిక ప్రభుత్వ భాషలోనికి అనువదించినది. చెంచుల విషయమున అట్టి తిరుగుబాటు జరుగలేదు. అందుచేతనే కాబోలు, చెంచులకు దక్కిన రక్షణ గోండులకు దక్కిన దానికంటె పలుచనైనది.

రాజ్యాంగము అమలులోనికి వచ్చిన పిమ్మట 1950 డిసెంబరులో రాష్ట్రపతి యుత్తరువు వలన అమరాబాదు ప్రాంతపు గ్రామములు, పెంటలు షెడ్యూల్డు ప్రాంతములుగా ప్రకటింపబడినవి. తెలుగు శాఖల పరిశోధకులు ఈ పట్టికను ఒకమారు చదువదగును. అప్పాపూరు, రాంపూరు, ఈర్లపెంట, చంద్రగుప్త మొదలగు పేర్లు అందున్నవి. కాని అవి రోమను లిపిలో ఎక్కినవి. ఆ లిపిలో 'ట'కు 'త'కు, 'ళ'కు 'ల'కు, హ్రస్వమునకు దీర్ఘమునకు భేదము నశించినది. నేడు మేడిమల్కల యని పిలువబడు పెంట అందు మేడిమంకల్ రూపమున కనిపించును. ఉచ్చారణ యెట్టిదో తెలియనంతగా చెడిన పేర్లు మరికొన్ని కలవు. చట్టము ఒక గ్రామమునకు రక్షణ నిచ్చుచున్నప్పుడు ఆ గ్రామపు పేరు సరిగా నుండుట చిన్న విషయము కాదు. హక్కు నిరూపించుకొనవలసిన దినమున పేరే సాక్ష్యము.

'పెంట' యను మాటయే చూడుడు. మైదానపు తెలుగులో అది యెరువుకుప్పను, చెత్తకుప్పను తెలుపును. నల్లమలలో అదియే మనుష్యుల నివాసము. అడవిలో పశువుల మందలు విడియు తావులనుండి ఈ యర్థము వచ్చియుండునని ఊహింపవచ్చును. ఇట్టి మాటలు చెంచుల నోట ఇంకెన్నియో కలవు: గడ్డల పేర్లు, తేనెటీగల భేదములు, బంధుత్వ వాచకములు, అడవి భాగముల సరిహద్దుల పేర్లు. హైమన్‌డార్ఫ్ వీనిని ఆంగ్ల గ్రంథములోనికి ఎక్కించెను. ఆయన ఛాయాచిత్రములు వేలసంఖ్యలోను, చలనచిత్రములు అనేక గంటల నిడివిలోను లండను సంస్థలో భద్రపరుపబడియున్నవి. తెలుగు మాటాడు ఒక జాతిని గూర్చిన మూలసామగ్రి తెలుగులో లేకపోవుట మన శాఖలకు గౌరవము కాదు.

1970వ దశకమున హైమన్‌డార్ఫ్ తన పూర్వపరిశోధనా ప్రాంతములను మరల దర్శించి, మారిన పరిస్థితులను గమనించెను. మైఖేల్ యార్క్, జయప్రకాశరావుల రచనాసహకారముతో 1982లో వెలువరించిన 'భారతదేశపు గిరిజనులు' అను గ్రంథమునకు 'బ్రతుకు పోరాటము' అని యర్థమిచ్చు ఉపశీర్షిక నుంచెను. 1943 నాటి గ్రంథమున ప్రాచీనతను వెదకిన పండితుడు, నలువది యేండ్ల పిమ్మట భూమిని, అప్పును, చట్టమును గూర్చి వ్రాసెను. తాను మొదట పట్టుకొన్న సిద్ధాంతమును ఆయన జీవితమే సవరించినదని చెప్పుట యుక్తము. 1987లో బెట్టీ హైదరాబాదులో మరణింపగా ఆమెను మార్లవాయిలో సమాధి చేసిరి. ఆయన 1995లో లండనులో మరణించెను. 2012లో ఆయన చితాభస్మము మార్లవాయికి తేబడి ఆమె సమాధి ప్రక్కనే నిక్షిప్తమైనది.

ఇక నల్లమల సంగతి. ఆ యడవి 1978లో వన్యప్రాణి సంరక్షణ కేంద్రముగాను, 1983లో పులుల రక్షితారణ్యముగాను ప్రకటింపబడినది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ భాగము అమరాబాదు పులుల రక్షితారణ్యముగా వేరుపడినది. పులులకు మనుష్య సంచారములేని యడవి కావలెనని ఒక వాదము. పెంటలను వెలుపలికి తరలింపవలెనని దానిని అనుసరించిన ప్రతిపాదనలు. 2006 నాటి అటవీహక్కుల చట్టము మాత్రము ఆదిమ గిరిజన సమూహముల ఆవాస హక్కును గుర్తించినది. ఆవాసమనగా గుడిసె నిలిచిన నాలుగు గజముల నేల కాదు. గడ్డ త్రవ్విన చోటు, తేనె తీసిన చరియ, దేవతకు మ్రొక్కిన చెట్టు అన్నియు దానిలో చేరును. 1940లో గుడారములో కూర్చుండి హైమన్‌డార్ఫ్ గ్రహించినదియు ఇదియే. అయితే ఆ హక్కును నిరూపించుటకు ఏ పెంటవారు ఏ యడవిని ఏ పేరుతో పిలిచి వాడుకొనిరో సాక్ష్యము కావలెను. ఆ సాక్ష్యము చెంచుల స్మృతిలో తెలుగు మాటలుగా నున్నది. దానిని సేకరించుట తెలుగు పరిశోధకుని పని.

ఈ సందర్భమున ఇరువురు పండితులను స్మరింతుము. మొదటివారు గద్వాల ప్రాంతమువారైన సురవరం ప్రతాపరెడ్డిగారు. హైమన్‌డార్ఫ్ హైదరాబాదును విడిచిన 1949లోనే వారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వెలువడినది. కావ్యములనుండి సామాన్యజనుల తిండి, బట్ట, ఆట, నమ్మకములను వెలికిదీసిన మహాగ్రంథమది. ఒకే పాలమూరు సీమ. ఒకరు కావ్యములందు వెదకిరి, ఒకరు కొండలందు వెదకిరి. ఆ రెండు మార్గములు కలిసినప్పుడే మన సాంఘికచరిత్ర పూర్ణమగును. రెండవవారు జపాను మానవశాస్త్రవేత్త్రి నకానె చియె. ఆమె 1950వ దశకమున భారతదేశమున పరిశోధించి, 1960-61లో హైమన్‌డార్ఫ్ ఆచార్యుడుగా నున్న లండను సంస్థలోనే ఉపన్యాసకురాలుగా పనిచేసెను. గారో, ఖాసీ జాతుల మాతృవంశ వ్యవస్థను గూర్చి ఆమె రచించిన గ్రంథము 1967లో వెలువడినది. అట్లు అన్యదేశమును పరిశీలించి అలవరచుకొన్న దృష్టితో ఆమె తన జపాను సమాజమునే పరిశీలించి సుప్రసిద్ధమైన గ్రంథమును రచించెను. పరుల జీవితమును చూచి నేర్చినది స్వజనమును తెలిసికొనుటకు వినియోగింపబడిన విధమునకు ఆమె కృషి మేలైన నిదర్శనము.

మనకు దూరదేశములకు పోవలసిన పని లేదు. తెలకపల్లి నుండి చూపు సారించినచో నల్లమల మన ముందే యున్నది. సంస్థాన సాహిత్యమును శోధించిన మన విద్యార్థులు ఇకమీదట ఆ కొండ యెక్కుదురుగాక! హైమన్‌డార్ఫ్ గ్రంథమును ప్రమాణముగా మ్రొక్కుటకు కాక, పెంటలోని పెద్దల యెదుట దానిని వినిపించి, వారు ఒప్పుకొన్నదానిని నిలుపుటకును, తప్పన్నదానిని దిద్దుటకును తీసికొని పోవలెను. శత్రుదేశీయుడని ముద్రపడిన ఒక పరదేశి తెలుగు మాతృభాషగా గల జనుల జీవితమును మొదట లిఖించెను. దానిని వారి మాటలలోనే పూర్తిచేయు భారము మనది.